కొడైకెనాల్: కాపురమా, నాలుగు రోజుల మకామా?

కొడైకెనాల్ తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో, పళని కొండల పైభాగాన ఉన్న పట్టణం. సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తు. ఊరి నడుమ నక్షత్రాకారపు చెరువు, దాని చుట్టూ దాదాపు 5 కిలోమీటర్ల రోడ్డు, రోడ్డుకు పైన వాలుల్లో పాత రాతి బంగళాలు, బడులు, లాడ్జీలు, వాటి వెనక అడవి. 2011 జనగణన నాటికి జనాభా 36,501.

ఊరి చల్లదనానికి కారణం ఎత్తే. పైకి పోయేకొద్దీ ప్రతి కిలోమీటరుకు ఉష్ణోగ్రత సగటున ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. కొండ కింద వత్తలగుండులో చెమటలు కక్కుతూ బస్సెక్కిన మనిషి, ఘాట్ రోడ్డు పూర్తయ్యేసరికి సంచిలో స్వెట్టర్ వెతుక్కుంటాడు. వేసవి పగళ్లలో 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. చలికాలం రాత్రుల్లో 8 డిగ్రీలకు దిగుతుంది. నైరుతి కన్నా ఈశాన్య రుతుపవనాలదే ఇక్కడ పెద్ద వాన. అక్టోబరు, నవంబరు నెలల్లో ఊరు బాగా తడుస్తుంది.

మదురై, రామేశ్వరం, పళని యాత్రలకు వెళ్లే తెలుగు కుటుంబాలు చాలావరకు మధ్యలో ఈ కొండ ఎక్కి దిగుతాయి. ఉద్యోగ విరమణ తర్వాత ఇలాంటి ఊళ్లో చిన్న ఇల్లు తీసుకుని ఉండిపోదామనుకునేవాళ్లూ పెరిగారు. ఆ రెండు పక్షాల వాదనే ఈ సంవాదం. కొండ మీద ఉండిపోవడమే మంచిదనే వారిని నివాసి అని, చూసి దిగిపోవడమే మేలనే వారిని యాత్రికుడు అని అనుకోవచ్చు.

ఊరు ఎవరిది?

యాత్రికుడు: ముందు చరిత్ర చూద్దామండీ. ఈ ఊరు పుట్టిందే వచ్చిపోయేవాళ్ల కోసం. మదురై ప్రాంతంలో పనిచేసే అమెరికన్ మిషనరీలు కలరాకూ మలేరియాకూ రాలిపోతుంటే, వేసవిలో తలదాచుకోవడానికి 1845లో ఇక్కడ మొదటి బంగళాలు కట్టుకున్నారు. ఎండలు తగ్గగానే దిగిపోయి తమ పని చూసుకునేవారు. అప్పటికి మోటారు రోడ్డు లేదు. పెరియకుళం వైపు కొండ కింది నుంచి కాలిబాట ఒక్కటే దారి. దొరల్నీ దొరసానుల్నీ కూలీలు కుర్చీల్లో, డోలీల్లో మోసుకొచ్చేవారు. ఘాట్ రోడ్డు ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో గానీ రాలేదు. కాబట్టి ఈ ఊరికి మూలపురుషుడు యాత్రికుడే.

నివాసి: మీరు చరిత్రను 1845లో మొదలుపెడుతున్నారు. అంతకుముందు కొండ ఖాళీగా లేదు. అడవిలో పళియర్, పులయర్ తెగలవాళ్లు ఉన్నారు. తాండికుడి చుట్టుపక్కల చరిత్రకు ముందు కాలపు రాతి సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి. పూంబారై, విల్పట్టి, మన్నవనూరు లాంటి ఊళ్లలో రైతులు వాలును మెట్లు మెట్లుగా చదును చేసి సాగు చేస్తూ వచ్చారు. ఆ మెట్ల పొలాల్లో పండే కొండ వెల్లుల్లికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది సందర్శకుల కోసం పెట్టిన పంట కాదు. ఊరికి చుట్టాలు రావచ్చు గానీ, ఇంటివాళ్లు ముందే ఉన్నారు.

యాత్రికుడు: ఆ ఇంటివాళ్లలో మీరు లేరు కదండీ! మీరూ నాలాగే కింది నుంచి వచ్చినవారే. నేను తిరుగు టికెట్ కొనుక్కుని వచ్చాను, మీరు స్థలం కొనుక్కున్నారు. తేడా అంతే.

నివాసి: అక్కడే ఉంది అసలు విషయం. వచ్చి నిలిచినవాళ్ల వల్ల ఊరికి ఏం కలిగిందో చూడండి. సూర్య పరిశోధన కోసం 1899లో ఇక్కడ కొత్త అబ్జర్వేటరీ మొదలుపెట్టారు. కారణం కొండ మీది తేటగాలి. సూర్యుడి మచ్చల్లో వాయువు మధ్య నుంచి అంచుల వైపు పారుతుందని జాన్ ఎవర్‌షెడ్ 1909లో కనిపెట్టింది ఈ కొండ మీదే. ఇప్పటికీ దాన్ని ఎవర్‌షెడ్ ఎఫెక్ట్ అంటారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు 1960లో ఇక్కడ డైరెక్టరయ్యారు. నూరేళ్లకు పైగా, ఆకాశం తేటగా ఉన్న ప్రతి రోజూ సూర్యుణ్ణి ఫొటో తీసి దాచారు. నాలుగు రోజుల మకాంతో అలాంటి పని జరగదండీ.

యాత్రికుడు: జరగదు, ఒప్పుకుంటాను. అయితే అలాంటి పని పెట్టుకుని కొండెక్కేవాళ్లు ఎందరు? మిగతావాళ్లు ఎక్కేది చల్లగాలి కోసమే. చల్లగాలికి నాలుగు రోజులు చాలు.

చెరువు

కొడైకెనాల్ చెరువు సహజ సరస్సు కాదు. మదురై కలెక్టరుగా పనిచేసిన వేర్ హెన్రీ లెవింజ్ చొరవతో 1863లో ఇక్కడి వాగులకు అడ్డంగా కట్ట వేస్తే ఏర్పడింది. అంతకుముందు అది చిత్తడి నేల. నీళ్లు నిండుతూ పక్క లోయల వంకల్లోకి పాకడంతో చెరువుకు నక్షత్రం లాంటి ఆకారం వచ్చింది. విస్తీర్ణం సుమారు 24 హెక్టార్లు. 1890లో బోట్ క్లబ్ పెట్టారు. మనిషి చేసిన చెరువు కాబట్టి కట్టనూ తూమునూ మనిషే చూసుకోవాలి, నీటి మొక్కల్ని మనిషే తీయాలి. వాదన అసలు పట్టు ఇక్కడే.

నివాసి: చెరువును చూడాలంటే ఉదయం ఆరింటికి చూడాలి. పొగమంచు ఒక వంకలో పేరుకుని, ఎండ పడగానే విడిపోతుంది. అప్పటికి బోట్లు కట్టేసే ఉంటాయి. పాలవాళ్లు, బడి వంటమనుషులు, నడకకు వచ్చిన ముసలివాళ్లు తప్ప రోడ్డు మీద ఎవరూ ఉండరు. పదింటికి మీరొస్తారు. సైకిళ్ల బెల్లులు, గుర్రాల డెక్కలు, కాల్చిన మొక్కజొన్న పొగ, మిరపకాయ బజ్జీల నూనె వాసన. సాయంత్రానికి గట్టు పొడవునా కాగితం ప్లేట్లు.

యాత్రికుడు: ఆ బజ్జీల బండి మీద ఒక ఇల్లు గడుస్తోందండీ. గుర్రం నడిపే కుర్రాడు, సైకిళ్లు అద్దెకిచ్చే ఆయన, ఇంట్లో చేసిన చాక్లెట్లూ నీలగిరి తైలమూ అమ్మే ఆవిడ, వీళ్లంతా ఊరివాళ్లే. ఏప్రిల్, మే నెలల సంపాదనతోనే వీళ్లలో చాలామంది వానాకాలం నెట్టుకొస్తారు. మీ ఆరుగంటల నిశ్శబ్దం అందంగానే ఉంటుంది. కానీ అది వాళ్లకు అన్నం పెట్టదు.

నివాసి: అన్నం పెట్టే చెరువునే పాడు చేసుకుంటే? చుట్టూ ఉన్న కట్టడాలు చాలావరకు సెప్టిక్ ట్యాంకుల మీదే నడుస్తున్నాయి. వాలు మీది ఊళ్లో పొంగిన మురుగు ఎటు పోతుంది? కిందికే. కింద ఉన్నది చెరువు. గుర్రాల లద్దె కూడా వానకు అందులోకే చేరుతుంది. ఎరువు దొరికిన నీటిలో నీటి మొక్కలు అల్లుకుంటాయి. మునిసిపాలిటీ తీయించినా మళ్లీ వస్తాయి. ఆ నీరు అక్కడితో ఆగదు. ఘాట్ రోడ్డులో, ఊరికి 8 కిలోమీటర్ల దూరాన మీరంతా బస్సు దిగి ఫొటోలు తీసుకునే సిల్వర్ క్యాస్కేడ్ జలపాతం ఉంది చూశారూ, అది ఈ చెరువు అలుగు నీరే. సుమారు 55 మీటర్ల ఎత్తు నుంచి దూకేది ఊరు వదిలిన నీళ్లే.

యాత్రికుడు: సెప్టిక్ ట్యాంకు లాడ్జీకే కాదు, మీ ఇంటికీ ఉంది. లాడ్జీ ట్యాంకు సీజన్లో నిండుతుంది, మీది పన్నెండు నెలలూ నిండుతుంది. తిలా పాపం తలా పిడికెడు. ఒక్క యాత్రికుడి నెత్తిన మొత్తం రుద్దితే ఎలాగండీ?

కొండ మీద కాపురం

చూడటానికి వెళ్లిన ఊరు, కాపురం పెట్టిన ఊరు ఒకటిగా ఉండవు. 2,100 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే అయిదో వంతుకు పైగా తగ్గుతుంది. నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. వంట నుంచి వైద్యం వరకు అన్నిటి మీదా దీని ప్రభావం ఉంటుంది.

యాత్రికుడు: దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. మీ ఇంట్లో కందిపప్పు ఎంతసేపటికి ఉడుకుతుంది?

నివాసి: కుక్కర్ లేకపోతే ఉడకదు. గిన్నెలో పెడితే మరుగుతూనే ఉంటుంది గానీ మెత్తబడదు. ఇడ్లీ పిండి సంగతి ఇంకా విడ్డూరం. రాత్రి రుబ్బి మూత పెడితే తెల్లారేసరికి రుబ్బినట్టే ఉంటుంది, అంగుళం పొంగదు. పొయ్యి గట్టు పక్కన పెట్టి, పైన దుప్పటి కప్పి, రెండో పొద్దుకు గానీ పులుపెక్కదు. పెరుగు తోడుకోవడానికీ అదే తంటా. చేరిన కొత్తలో ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ కంగారుపడతారు. తర్వాత వంటిల్లే కొండకు అలవాటు పడుతుంది.

యాత్రికుడు: నవంబరులో?

నివాసి: నవంబరులో బట్టలు ఆరవు. బీరువాలో చెప్పులకూ పుస్తకాలకూ బూజు పడుతుంది. గోడలు చెమ్మగిల్లుతాయి. గాలివానకు చెట్టు కూలి తీగల మీద పడితే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. రాత్రి గేటు తీసి బయటికి వెళ్లేముందు టార్చి వేసి చూసుకోవాలి. అడవిదున్నలు ఊళ్లోకి వస్తాయి. మొక్కలు మేస్తూ ఇంటి మలుపులో నిలబడి ఉంటాయి. జాగ్రత్తగా పక్కకు తప్పుకుంటే ఏమీ అనవు. ఫోన్ పట్టుకుని దగ్గరికి పోతే పొడుస్తాయి.

యాత్రికుడు: ఇంత చెప్పాక మీ వాదన నేను చేయనక్కర్లేదు, మీరే నా వాదన చేశారు. పైగా మీ వయసుకు ముఖ్యమైనది ఇంకొకటుంది. ఊళ్లో ఆస్పత్రి ఉంది, నిజమే. గుండెపోటో పక్షవాతమో వస్తే దిగాల్సింది తేనికో మదురైకో. మదురై సుమారు 120 కిలోమీటర్లు, అందులో సగం మలుపుల ఘాట్. వానకు కొండచరియ జారితే దారే ఉండదు. ఉబ్బసం, కీళ్లనొప్పులు ఉన్నవాళ్లకు చలి పడదు. పల్చటి గాలి కొందరి గుండెకూ పడదు. విశ్రాంతి జీవితానికి తగిన ఊరని మీరు ఎంచుకున్నది వైద్యానికి తగిన ఊరు కాదు.

నివాసి: అందుకే ముందు డాక్టర్ను అడిగి, ఆ తర్వాతే ఇల్లు చూసుకోవాలి. తొందరపడి కొనకూడదు కూడా. 1993 మాస్టర్ ప్లాన్‌కు విరుద్ధంగా లేచిన కట్టడాలు ఎన్నో ఉన్నాయి. 2019లో హైకోర్టు ఆదేశాలతో అనుమతి లేని భవనాలకు సీళ్లు పడ్డాయి. కాగితాలు చూడకుండా వ్యూ చూసి డబ్బు కట్టినవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. ముందు ఒక పూర్తి వానాకాలం అద్దెకు ఉండి చూడాలి. మే నెలలో వచ్చి ఇల్లు కొనేవాడు నవంబరును చూడకుండా కొంటున్నట్టే. అన్నీ ఆలోచించుకుని ఉండిపోయినవాళ్లకు మాత్రం ఈ ఊరు చాలా ఇస్తుంది. పెద్ద లైబ్రరీలున్న బడులు, నడవడానికి బాటలు, ఫ్యాన్ అక్కర్లేని రాత్రులు, తోటలో పీచ్, పియర్, ప్లమ్ చెట్లు. పక్కింటివాళ్లు తమిళులు, మలయాళీలు, పాత మిషనరీ కుటుంబాల వారసులు. కొండ దిగితే తేని, దిండిగల్ జిల్లాల్లో నాయక రాజుల కాలం నుంచీ ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్నాయి. మనవాళ్లు మరీ ఒంటరివాళ్లేమీ కారు.

రద్దీ, ఈ-పాస్

సీజన్ రోజుల్లో కొండ మీద సమస్య మనుషుల కన్నా ముందు వాహనాలది. ఘాట్ రోడ్డు ఇరుకు, ఊరి వీధులు ఇంకా ఇరుకు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు వచ్చే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 ఏప్రిల్ నుంచి వేసవి సీజన్‌కు కోర్టు పరిమితి కూడా పెట్టింది: కొడైకెనాల్‌కు మామూలు రోజుల్లో 4,000, వారాంతాల్లో 6,000 వాహనాలు. స్థానికుల వాహనాలకు, ప్రభుత్వ బస్సుల్లో వచ్చేవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

నివాసి: ఈ పరిమితి ఎప్పుడో రావాల్సింది. 36 వేల మంది ఊరికి రోజూ వేల వాహనాలు ఎక్కితే, ఒక్కో దానిలో నలుగురు లెక్కేసినా రెండు మూడు రోజుల్లో అతిథులు ఇంటివాళ్లను మించిపోతారు. ఆ రోజుల్లో కూరగాయల మార్కెట్ నుంచి చెరువు దాకా కారు నడిపేకన్నా నడిచిపోవడం నయం. అంబులెన్సు కూడా అందరితోపాటు ఆ వరసలోనే నిలబడాలి.

యాత్రికుడు: నిలబడేది యాత్రికుల కార్లు మాత్రమే కాదు కదా. కొండ మీద ఇల్లున్న ప్రతివాడి కారూ ఆ వరసలోనే ఉంది, కాకపోతే దానికి పాస్ అడగరు. పోనీ, రద్దీ ఎందుకు వచ్చిందో చూడండి. డెవిల్స్ కిచెన్ అని బ్రిటిష్ కాలం నుంచీ పేరున్న గుహలు 1991లో కమల్‌హాసన్ సినిమా ‘గుణ’తో గుణ గుహలయ్యాయి. ఆ గుహలో పడిపోయిన మిత్రుణ్ణి కాపాడుకున్న కుర్రాళ్ల కథతో 2024లో ‘మంజుమ్మల్ బాయ్స్’ వచ్చాక తెలుగువాళ్లు కూడా ఆ గుహ ఎక్కడ అంటూ బయల్దేరారు. సినిమా చూసి ఊరు చూడాలనుకోవడం తప్పా?

నివాసి: తప్పు కాదు. కానీ ఆ గుహ చుట్టూ కంచె ఎందుకు వేశారో ఆ సినిమానే చెబుతోంది. దాన్ని చూసి కూడా కంచె దాటబోయేవాణ్ణి ఏమనాలి? అసలు చిక్కు అందరూ ఒకే దారిలో పోవడం. గుహలు, పిల్లర్ రాక్స్, పైన్ అడవి, కోకర్స్ వాక్, చెరువు. మధ్యాహ్నం రెండింటికల్లా అన్నీ అయిపోవాలని డ్రైవర్‌ను తొందరపెడతారు. దాన్ని చూడటం అనలేం, టిక్కు పెట్టుకోవడం అనాలి.

యాత్రికుడు: ఆ మాటకు నేను ఎదురు చెప్పను. ఒక్క రోజులో ఎక్కి దిగేవాడి వల్ల కొండకు భారం ఎక్కువ, లాభం తక్కువ. వాడు ఇక్కడ పడుకోడు, సరుకులు కొనడు, నడవడు. కారులో వచ్చి పొగ వదిలి, చెత్త వేసి పోతాడు. ప్రభుత్వ బస్సులో వచ్చి నాలుగు రోజులు ఒకే చోట ఉండి, నడిచి తిరిగే కుటుంబాన్ని మాత్రం వాడితో ఒకే గాటన కట్టకండి.

అడవి, నీరు

పళని కొండల పైభాగంలో సహజంగా ఉండాల్సినవి రెండు: లోయల మడతల్లో పొట్టి చెట్ల షోలా అడవి, వీపుల మీద విశాలమైన గడ్డి మైదానాలు. ఈ గడ్డి నేల వాన నీటిని స్పాంజిలా పీల్చుకుని ఎండాకాలమంతా వాగుల్లోకి కొద్దికొద్దిగా వదులుతుంది. బ్రిటిష్ కాలం నుంచి ఆ గడ్డిని పనికిరాని నేలగా లెక్కకట్టి, వంటచెరకు కోసం జామాయిల్, కలప కోసం పైన్, తోళ్లు పదును చేసే బెరడు కోసం వాటిల్ చెట్లు నాటారు. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ పని సాగింది. 1973 నుంచి 2014 దాకా ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసిన అధ్యయనంలో పళని కొండల గడ్డి మైదానాల్లో మూడింట రెండు వంతులు పోయినట్టు తేలింది. 2013లో ఇక్కడ సుమారు 600 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు.

యాత్రికుడు: చూశారా, ఈ నష్టం యాత్రికుడు చేసింది కాదు. ప్రభుత్వ పథకం చేసింది.

నివాసి: చేయలేదు, కానీ దాన్నే అందమనుకుని వెళ్తాడు. సినిమా పాటల్లో చూసిన పైన్ అడవిలో నిలబడి ప్రకృతి ఎంత బాగుందో అంటాడు. ఆ చెట్లు నాటినవని, వాటి కింద గడ్డి పరక మొలవడం కూడా కష్టమని ఎవరూ చెప్పరు. ఇక్కడ ఉండేవాడికైతే ఏటా మార్చిలో కుళాయి చెబుతుంది. ఊరికి తాగునీరు చెరువుది కాదు, అబ్జర్వేటరీ వైపున్న జలాశయాల నుంచి వస్తుంది. గడ్డి పోయిన కొండ వానను పట్టి ఉంచదు. నీళ్లు తగ్గే రోజులూ యాత్రికులు పెరిగే రోజులూ ఒకటే. అప్పుడు వీధుల్లో ట్యాంకర్లు తిరుగుతాయి.

యాత్రికుడు: కురింజి పువ్వు సంగతి చెప్పండి మరి. 2006లో పూసింది, 2018లో పూసింది, మళ్లీ 2030లో పూయాలి. పన్నెండేళ్లకు ఒకసారి గడ్డి వీపులను నీలం చేసే పువ్వును చూడటానికే ఎంతోమంది వస్తారు. 1936లో కట్టిన కురింజి ఆండవర్ గుడి పేరులో కూడా ఆ పువ్వే ఉంది. యాత్రికుల ఆసక్తి వల్లే ప్రభుత్వానికి ఆ పువ్వు విలువ తెలిసొచ్చింది.

నివాసి: పువ్వును చూసేవాడికి ఆ ఏడాదే కావాలి. పూయని పదకొండేళ్లూ ఆ గడ్డిని కాల్చకుండా, దున్నకుండా, చెట్లు నాటకుండా ఎవరో ఒకరు చూసుకోవాలి. పువ్వుకు కారణం ఆ పదకొండేళ్లు.

చెత్త, పాదరసం

కొండ మీద వేసిన చెత్త కొండ మీదే ఉంటుంది, కిందికి దింపడానికి ఖర్చవుతుంది. అందుకే ఊరిలో అయిదు లీటర్ల లోపు ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించి, తెచ్చినవాటికి సీసాకు 20 రూపాయల చొప్పున పన్ను పెట్టారు. అయితే కొడైకెనాల్‌కు పెద్ద గాయం చేసింది ప్లాస్టిక్ కాదు, పాదరసం. 1983లో ఇక్కడ థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఒకటి పెట్టారు. పాదరసం అంటిన పగిలిన గాజు ఊళ్లోని పాత సామాన్ల కొట్టులో బయటపడటంతో 2001లో అది మూతపడింది. పాదరసం ఆవిరై గాలిలో తేలి నేల మీదా నీటి మీదా పడుతుంది. తర్వాతి పరిశోధనల్లో చెరువు అడుగు మట్టిలోనూ చేపల్లోనూ దాని ఆనవాళ్లు దొరికాయి. 2016లో 591 మంది మాజీ కార్మికులకు కంపెనీతో పరిహార ఒప్పందం కుదిరింది.

నివాసి: ఆ పదిహేనేళ్లూ పోరాడింది కార్మికులు, ఊరివాళ్లు. కొట్టులోని గాజును గుర్తుపట్టిందీ, రోడ్డు మీద బైఠాయించిందీ వాళ్లే. 1985లో పుట్టిన పళని కొండల పరిరక్షణ మండలిని నడిపింది ఇక్కడ ఉన్నవాళ్లు. ఊరికి ఆపద వస్తే నిలబడేది ఇల్లున్నవాడే. యాత్రికుడికి ఇంకో కొండ ఉంటుంది.

యాత్రికుడు: ఆ పోరాటం దేశమంతా తెలిసింది ఎప్పుడు? 2015లో చెన్నై గాయని సోఫియా అష్రఫ్ ఆ సంగతి మీద ర్యాప్ పాట చేసి వీడియో పెట్టాక. దాన్ని లక్షల మంది చూశారు. వాళ్లలో ఎంతమంది కొడైకెనాల్ వాసులు? ఒకప్పుడు సెలవులకు వచ్చి చెరువు చుట్టూ తిరిగినవాళ్లకు ఆ పేరు వినగానే గుండె కలుక్కుమంది. ఎవరూ రాని ఊరికి అన్యాయం జరిగితే అడిగే గొంతు కూడా ఉండదండీ.

నివాసి: ఇది మంచి మాట. ఊరివాళ్లు మొదలుపెట్టకపోతే ఆ పాట లేదు; బయటివాళ్లు వినకపోతే ఒప్పందం ఇంకా ఆలస్యమయ్యేది.

యాత్రికుడు: అయితే నన్ను తిట్టడం తగ్గించండి. నివాసి అంటూ మీరు చెప్పుకునేవాళ్లలో ఇంకొక రకం ఉన్నారు. ఇల్లు కట్టి పది నెలలు తాళం వేసి, మేలో వచ్చి తాళం తీసేవాళ్లు. వాలు తవ్వి, చెట్టు కొట్టి, బోరు వేసి, వాళ్లు ఉండేది మాత్రం నాలాగే కొద్ది వారాలు. నేను వెళ్లిపోతే నా గదిలో ఇంకొకరు దిగుతారు. వాళ్లు వెళ్లిపోతే ఇల్లు ఖాళీ. కొండకు ఎక్కువ బరువు ఎవరు?

నివాసి: వాళ్లే. వాళ్లను నేను నివాసులలో చేర్చను. పన్ను కడితే నివాసి కాడు, ఉంటేనే నివాసి.

రావడం, ఉండటం

ఇక్కడిదాకా వచ్చాక ఇద్దరి మధ్య తగువు తగ్గి, పద్ధతి గురించిన మాటలు మిగిలాయి. వచ్చేవాళ్లు కొడై రోడ్ స్టేషన్లో దిగి బస్సులో ఎక్కడం నయం. స్టేషన్ నుంచి కొండ మీదికి సుమారు 80 కిలోమీటర్లు. బ్రయంట్ పార్కు పూల ప్రదర్శన చూడాలంటే మే తప్పదు. లేకపోతే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది, జనం పల్చగా ఉంటారు. రాత్రి చలికి ఉన్ని బట్టలు, తాగే నీళ్లకు స్టీలు సీసా తెచ్చుకోవాలి. మొదటి రోజు పరుగులు పెట్టకుండా ఒంటికి ఎత్తు అలవాటు కానివ్వాలి. ఉండదలచినవాళ్లు ముందు ఒక వానాకాలం అద్దెకు ఉండాలి, కాగితాలు వకీలుకు చూపాలి, దగ్గరి పెద్దాస్పత్రికి పట్టే సమయం లెక్కవేసుకోవాలి, వాన నీటిని పట్టే తొట్టి, చెమ్మను ఆపే గోడ, నిండితే పొంగని సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లు ఎంచుకోవాలి.

యాత్రికుడు: ఇన్ని నియమాలు పెట్టాక కూడా, ఊరు మీకు ఇల్లు, నాకు సెలవు. రెండూ ఒకటి కావు. కొండ మీద నాలుగు రోజులుండి దిగినవాడికి అది ఏడాదంతా తలుచుకునే చోటు. అక్కడే ఉండిపోతే కొన్నాళ్లకు అదీ ఇంకో ఊరే. నేను దిగిపోవడమే నాకిష్టం.

నివాసి: నాకది ఇంకో ఊరు కావడమే ఇష్టం. పప్పు ఉడకకపోయినా, పిండి పొంగకపోయినా.

ఇద్దరూ ఒప్పుకున్నవి మూడు. చెరువు మనిషి చేసిన చెరువు కాబట్టి దాన్ని వాడుకునే ప్రతి ఒక్కరూ, ఇల్లున్నవారైనా గది తీసుకున్నవారైనా, దాని ఖర్చులో పాలు పంచుకోవాలి. కొండ మీద భారాన్ని ఉన్న రోజులతో కాక వాడిన నీరు, నడిపిన కారు, వదిలిన చెత్త, తవ్విన వాలుతో కొలవాలి. ఆ లెక్కన ఒక్కరోజు కారు యాత్రా, తాళం వేసిన బంగళా రెండూ మొదటి వరసలో నిలుస్తాయి. మూడోది, గడ్డి మైదానాలను తిరిగి పెంచడం కొత్త రోడ్ల కన్నా, పార్కింగ్ స్థలాల కన్నా ముందు రావాల్సిన పని, ఎందుకంటే నీళ్లు లేని కొండ మీద కాపురమూ లేదు, సందర్శనమూ లేదు. తేలనిది ఒక్కటే: వాహనాల పరిమితిలో స్థానికులకు ఇచ్చిన మినహాయింపు ఎవరికి దక్కాలి, ఏడాదంతా ఉన్నవారికా, ఇంటి పన్ను రసీదు ఉన్న ప్రతివారికా? ఆ ప్రశ్న మీద నివాసీ యాత్రికుడూ ఎవరి పట్టు వాళ్లు వదల్లేదు.